గంట కిరాయి పెట్టె, ఇంటి పెట్టె

సోనీ వీడియో గేమ్ పెట్టె ప్లేస్టేషన్ 2 (పీఎస్ 2) జపాన్‌లో 2000 మార్చి 4న వచ్చింది. ప్లేస్టేషన్ 3 (పీఎస్ 3) అక్కడే 2006 నవంబర్ 11న వచ్చింది. రెండింటి వెనకా ఉన్న ఇంజనీరు ఒక్కరే, కెన్ కుతరాగి. మొదటిది ప్రపంచం మొత్తం మీద 16 కోట్లు అమ్ముడైంది, రెండోది 8 కోట్ల 74 లక్షల దగ్గర ఆగింది. ఈ అంకెలు పట్టుకుని ఏది గొప్పదో తేల్చేసేవాళ్లు ఉన్నారు. వరంగల్‌లో మాత్రం అది అంత సులువుగా తేలదు. ఇక్కడ పీఎస్ 2 ఆడిన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఆ పెట్టె లేదు. హన్మకొండలో, కాజీపేటలో, వరంగల్‌లో కాలేజీల పక్క సందుల్లో గంట కిరాయి షాపులుండేవి. ఒక్కో పెట్టె మీద ఎన్ని చేతులు ఆడాయో ఏ అమ్మకాల లెక్కలోకీ రాదు.

ఈ రెండు పెట్టెల గురించి వాదించుకునే ఇద్దరిలో ఒకరు నయీంనగర్‌లో అలాంటి షాపు నడిపిన మామ. ఇంకొకరు సుబేదారిలో పెరిగి, ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఆయన మేనకోడలు. నేను విని రాస్తున్నాను. అవసరమైన చోట నా మాట కలుపుతాను.

మామ: బిడ్డా, నువ్వు చిప్పుల లెక్క తీస్తవని నాకెర్కనే. ముందుగాల నా లెక్క విను. పీఎస్ 3 మన దేశానికి 2007 ఏప్రిల్ల అచ్చింది. ధర 39,990 రూపాయలు. గంటకు పది రూపాయల కిరాయి వెట్టుకో. ఒక్క పెట్టె పైసలు మల్ల చేతికి రావాల్నంటె నాలుగు వేల గంటలు నడవాలె. అండ్ల షాపు కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు, టీవీ లేదు, సీడీలు లేవు. ఏ చిన్న షాపోడు కొంటడు?

మేనకోడలు: ఆ లెక్క షాపుది మామా, పెట్టెది కాదు. నీకు 39,990 ఎక్కువ అనిపించింది గానీ, ఆ ధరకు అమ్మినోళ్లకే గిట్టలేదు. 2006ల ఐసప్లై అనే సంస్థ పీఎస్ 3 విప్పి లోపలి భాగాలకు ధర కట్టింది. అమెరికాల 499 డాలర్లకు అమ్మే చిన్న మోడల్‌కు దగ్గర దగ్గర 805 డాలర్లు ఖర్చవుతుందని తేల్చింది. సినిమా డిస్కులు నడిపే బ్లూరే దాంట్లనే ఉంది. అప్పట్ల ఒట్టి బ్లూరే ప్లేయరే అంతకంటే ఎక్కువ పలుకుతుండె. ఒక ఇంటోళ్లు సినిమాలు చూసే పెట్టె, ఆటలాడే పెట్టె రెండూ ఒకే ధరకు తెచ్చుకున్నట్టు.

మామ: సినిమాలకు పీఎస్ 2ల గూడ డీవీడీ ఉండె. దాని తోనే గదా అది జపాన్ల అంతగనం పోయింది. బ్లూరే డిస్కు హన్మకొండ చౌరస్తాల గప్పుడు ఎవలు అమ్మిండ్రు చెప్పు?

మేనకోడలు: సరే, సినిమా పక్కన పెట్టు. ఆట గురించే మాట్లాడుదాం. పీఎస్ 2ల ప్రాసెసర్ వేగం 294 మెగాహెర్ట్జ్, మెమొరీ 32 ఎంబీ. పీఎస్ 3ల 3.2 గిగాహెర్ట్జ్, మెమొరీ 512 ఎంబీ. ఆరేండ్లల్ల వేగం పది రెట్లు దాటింది, మెమొరీ పదహారు రెట్లయింది. పీఎస్ 3ల ఉన్న సెల్ అనే చిప్పును సోనీ, తోషిబా, ఐబీఎం మూడు కంపెనీలు కలిసి చేసినయి. ఒక పెద్ద ప్రాసెసర్, దాని చుట్టు ఎనిమిది చిన్నవి. తయారీల ఒకటి చెడినా చిప్పు పారేయకుండ ఉండాల్నని ఎనిమిదిట్ల ఒకదాన్ని ముందే బంద్ చేసిన్రు. ఇంకొకటి సిస్టమ్ పనికి పోయింది. ఆటకు మిగిలినవి ఆరు. అమెరికా వైమానిక దళం 1,760 పీఎస్ 3లు జోడించి సూపర్‌కంప్యూటర్ కట్టుకుంది. నీ పీఎస్ 2తోని ఎవరన్న అంత పెద్దది కట్టిన్రా?

మామ: వాళ్లకు ఏసీ రూములున్నయి బిడ్డా. నాకున్నది రేకుల షెడ్డు. మే నెలల వరంగల్ ఎట్లుంటదో నీకు చెప్పాల్నా? పీఎస్ 2 స్లిమ్ అడాప్టర్ మీద 8.5 వోల్టులు, 5.65 ఆంప్స్ అని రాసుంటది. గుణిస్తె 48 వాట్లు. మొదటి పీఎస్ 3 ఆట నడుస్తుంటె రెండు వందల వాట్ల దాక గుంజుతది. కరెంటు పోయినంక ఇన్వర్టర్ మీద నా రెండు పెట్టెలు, రెండు చిన్న టీవీలు నడుస్తుండె. పోరగాండ్లు లేచి పోకపోతుండిరి. పీఎస్ 3 వెడితె ఆ బ్యాటరీ ఎంతసేపు ఆగుతుండె?

ఈ విషయంలో మామ మాటలో బలముంది. అది ఒట్టి పేదరికపు మాట కాదు, ఇంజనీరింగ్ మాట. పీఎస్ 2 పుట్టినప్పుడు దాని ప్రాసెసర్, బొమ్మలు గీసే చిప్పు వేరువేరుగా ఉండేవి. ఏళ్లు గడిచే కొద్దీ ఆ రెండింటినీ కలిపి ఒకే చిన్న చిప్పుగా చేశారు. 2004 నుంచి వచ్చిన స్లిమ్‌లు అంత పల్చగా, అంత చల్లగా ఉండటానికి అదొక కారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కరెంటు కోతలు చూసిన వాళ్లకు ఆ మార్పు విలువ గ్రాఫిక్స్ కంటే తక్కువేమీ కాదు. పీఎస్ 3 కూడా 2009లో స్లిమ్ అయింది గానీ, అప్పటికి పీఎస్ 2 ధర అమెరికాలో 99 డాలర్లకు దిగింది.

మేనకోడలు: వేడి సంగతి ఒప్పుకుంట. టీవీ సంగతి మాత్రం ఒప్పుకోను. నీ పాత డబ్బా టీవీకి ఎర్ర, తెల్ల, పసుపు పిన్నులు పెట్టి పీఎస్ 3 ఆడితే అక్షరాలు అలుక్కపోయి కనబడతయి. దాన్ని పట్టుకొని పెట్టె బాగలేదంటె ఎట్ల? హెచ్‌డీఎంఐ వైరు పెట్టి చూడాలె.

మామ: హెచ్‌డీఎంఐ టీవీ గప్పుడు ఎంతుండె? పెట్టె ధర కంటె టీవీ ధర ఎక్కువ. నువ్వేమో పెట్టెను ఒక్కదాన్నే తూకం ఏస్తున్నవు, నేను పెట్టె, టీవీ, కరెంటు, కూసునే జాగ అన్నీ కలిపి ఏస్తున్న. ఇంగ ఆటల కాడికి రా. క్రికెట్ చెప్పు. ఈఏ కంపెనీ క్రికెట్ 07 అనే ఆట 2006 ఆఖర్ల ఇడిసింది. పీఎస్ 2కు, కంప్యూటర్‌కు మాత్రమే. పీఎస్ 3కు రాలే. ఆ తర్వాత ఆ కంపెనీ క్రికెట్ ఆటే చెయ్యలే. మన పోరగాండ్లకు క్రికెట్ లేకుంట ఆ ఆరు చిన్న ప్రాసెసర్లు ఏం చేసుకోవాలె?

మేనకోడలు: పీఎస్ 3కి యాషెస్ 2009 వచ్చింది. తర్వాత డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చింది. అండ్ల బ్యాటింగ్ నిజంగ కష్టం, ఎటు పడితే అటు కొడితె ఔటే.

మామ: కష్టం ఎవలికి కావాలె? పది రూపాయలిచ్చి గంట ఆడెటోనికి సిక్సులు వడాలె. క్రికెట్ 07ల మన జట్టుకు లైసెన్సు లేదు, ఆటగాళ్ల అసలు పేర్లు లేవు. పోరగాండ్లు కూసొని ఒక్కొక్కటి మార్చి, మెమొరీ కార్డుల సేవ్ చేసుకుంటుండిరి. 8 ఎంబీ కార్డు. అండ్ల ఎవని శాన్ ఆండ్రియాస్ ఎంతదాక అచ్చింది, ఎవని గాడ్ ఆఫ్ వార్ ఏ దేవుని కాడ ఆగింది, అన్నీ ఉంటుండె. జాగ సరిపోక ఒకని సేవ్ ఇంకొకడు చెరిపేస్తె షాపు ముందట కొట్లాట. స్మాక్‌డౌన్ కుస్తీ ఆటకు నాలుగు రిమోట్ల మల్టీట్యాప్ వెడితె ఆడెటోళ్లు నలుగురు, ఎనుక నిలవడి చెప్పెటోళ్లు పది మంది. నీ పీఎస్ 3 ముందట ఎంతమంది కూసున్నరు?

మేనకోడలు: వైరు లేని రిమోట్లు ఏడు కలుపుకోవచ్చు మామా దానికి. నీ పీఎస్ 2కు మల్టీట్యాప్ కొంటే గానీ మూడోవాడు ఆడలేడు.

మామ: ఏడు కలుపచ్చు, నిజమే. గని మొదట అచ్చిన ఆ రిమోట్ చేతిల వణుకుతుండెనా?

మేనకోడలు: లేదు. ఇమ్మర్షన్ అనే కంపెనీ వేసిన కేసు నడుస్తుండె, మొదటి రిమోట్ సిక్స్‌యాక్సిస్‌ల వైబ్రేషన్ పెట్టలేదు. డ్యూయల్‌షాక్ 3 తోని మళ్లీ వచ్చింది.

మామ: కుర్చి వెట్టి కొడితె చెయ్యి అదురకుంటె అది కుస్తీ ఎట్లయితది?

మేనకోడలు: సరే మామా, ఇప్పుడు నేనడుగుత. నీ షాపుల సీడీలు ఎక్కడివి?

మామ: హైదరాబాద్. గోల్కొండ రైలు ఎక్కి పోయి తెచ్చేది.

మేనకోడలు: అసలువా?

మామ: నీకు తెలువదా? కాపీలే. కాపీలు ఆడనీకి చిప్పు ఏసిన పెట్టెలే. పీఎస్ 2 ఆటలకు దేశానికో తాళం ఉండె. అమెరికా సీడీ మన పెట్టెల నడువది, జపానుది నడువది. అసలు సీడీ కొన్నా ఒక్కొక్కపాలి చిప్పు ఎయ్యంది ఆడకపోతుండె.

మేనకోడలు: అదే నేను చెప్పేది. పీఎస్ 3 ఆటలకు ఆ దేశాల తాళమే తీసేసిన్రు. మా చిన్నాయన అమెరికా నుంచి తెచ్చిన పెట్టెల ఇక్కడ కొన్న డిస్కు నడిచింది. చిప్పు అవసరం రాలే. ఇంగ అసలు మాట విను. 2009ల హైదరాబాద్‌ల అరోనా టెక్నాలజీస్ వాళ్లు హనుమాన్: బాయ్ వారియర్ చేసిన్రు. ప్లేస్టేషన్ కోసం మన దేశంల మొదటి నుంచి చివర దాక తయారైన మొదటి ఆట అది. అదే ఏడు హైదరాబాద్ గేమ్‌శాస్త్ర వాళ్లు దేశీ అడ్డా తెచ్చిన్రు, కబడ్డీ, గిల్లీదండా, పతంగులు పెట్టి. రెండూ పీఎస్ 2కు వచ్చినయి. మనకు 140 కిలోమీటర్ల దూరంల కూసొని మన పిల్లలు చేసిన ఆటలు. నీ షాపుల అవి ఉండెనా?

మామ: హనుమాన్ ఉండె.

మేనకోడలు: కొన్నదా, కాపీనా?

మామ: ...నువ్వు అడిగే తీరు మంచిగలేదు బిడ్డా. ఒకటి చెప్త. ఆ ఆటలు పీఎస్ 2కు ఎందుకు చేసిండ్రు? అప్పటికి పీఎస్ 3 మన దేశానికచ్చి రెండేండ్లాయె గదా. దానికెందుకు చెయ్యలే? మన ఇండ్లల్ల, మన షాపులల్ల ఉన్న పెట్టె పీఎస్ 2 గనుక. 2013 జనవరిల సోనీ పీఎస్ 2 తయారీ ఆపేసినమని చెప్పింది. గా ఏడే డాన్ 2 ఆట మన దేశంల పీఎస్ 2కు ఇడిసిండ్రు. అది గూడ గేమ్‌శాస్త్ర వాళ్లదే. పెట్టె చచ్చిపోయింది అన్నంక గూడ దానికి ఆట చేసిండ్రంటె, ఆడెటోళ్లు ఎంతమంది ఉండాలె? ఆ ఆడెటోళ్లను తయారు చేసింది ఎవలు? మేమే.

మేనకోడలు: ఆడెటోళ్లను చేసిన్రు, కొనెటోళ్లను చెయ్యలే. హనుమాన్ ఆట అంత బాగలేదని నాకూ తెలుసు. మొదటి ఆట ఎవరిదైనా అట్లనే ఉంటది. రెండోది, మూడోది చేస్తెనే చెయ్యి తిరుగుతది. ఆ రెండోదానికి పైసలు ఎక్కడికెల్లి రావాలె? వెయ్యి రూపాయల లోపు అమ్మిన ఆట అది. వంద షాపులు తలా ఒకటి కొన్నా ఆ పిల్లలకు ఒక ధైర్యం.

మామ: కొత్త సీడీ పదిహేను వందలుంటె, గంటకు పది తోని నూట యాభై గంటలు ఆ ఒక్క ఆటే నడవాలె. పోరగాండ్లు నెలకో కొత్తాట అడుగుతరు. గప్పుడు వాళ్లు ధర తక్కువ పెట్టింటె మేం గూడ అట్ల చేసుండకపోదుము. ధర దిగినప్పటికి అలవాటు వడ్డది.

ఇక్కడ నేను మేనకోడలి వైపే ఉంటాను. షాపు లెక్క నిజమే, ఆ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మన ఊళ్ల కోసం మన మధ్యే కూర్చుని ఆటలు చేసే పని హైదరాబాద్‌లో వేళ్లూనుకోవాల్సిన సమయం అది. పీఎస్ 2 చవక కావడం వల్లే ఆ అవకాశం వచ్చింది, ఆ చవకతో పాటే వచ్చిన కాపీ దాన్ని కోసేసింది. పీఎస్ 3ని 2010 ఆగస్టు దాకా ఎవరూ అలా కాపీ ఆటలకు విప్పలేకపోయారు. ఆ తాళం మామలాంటి వాళ్లకు అడ్డమైంది, ఆటలు చేసేవాళ్లకు గొడుగైంది.

మేనకోడలు: ఇంకో మాట అడుగుత మామా. ఇది సీడీల గురించి కాదు. నీ షాపుకు ఆడపిల్ల ఎవరన్న వచ్చి ఆడిందా?

మామ: ఆడపిల్లలా?

మేనకోడలు: అవును. ఎనుక నిలవడి చెప్పెటోళ్లు పది మంది అన్నవు. ఆ పది మందిట్ల ఒక్కరన్న?

మామ: నువ్వొచ్చేదానివి.

మేనకోడలు: నీ కోడలిని గనుక. అది గూడ అమ్మ పంపిన టిఫిన్ డబ్బా ఇయ్యనీకి. డబ్బా ఇచ్చి నిలవడితె నువ్వు "చాలుతియ్, ఇంటికి పో, పోరగాండ్లుంటరు" అంటుంటివి. వైస్ సిటీ ఆట ఎట్లుంటదో నేను తలుపు కాడ నిలవడి చూసిన. స్టీరింగ్ ఎటు తిప్పుతున్నరో చూసిన, చెయ్యి మాత్రం పెట్టలే. నువ్వు అందరి పెట్టె అంటున్నవు. ఊరు మొత్తం ఆడిందంటున్నవు. నాకు తెలిసిన ఊళ్ల సగం మంది ఆడలే.

మామ: అప్పటి జమానా అట్లుండె. నేను రావద్దన్ననా? వాళ్లింట్ల వాళ్లు పంపకపోతె నేనేం జెయ్యాలె?

మేనకోడలు: నిన్ను తప్పు పట్టనీకి అంటలేను. పెట్టెల గురించి అంటున్న. పీఎస్ 2 ఈ ఊరికి షాపు లెక్కన వచ్చింది, షాపుకు పోగలిగినోళ్లకే దొరికింది. పీఎస్ 3 ఇంటికి వచ్చింది. ధర ఎక్కువ, నిజం. కొన్ని ఇండ్లకే వచ్చింది, అది గూడ నిజం. గని వచ్చిన ఇంట్ల ఆడపిల్ల ఉంటె, ఆమె సోఫల కూసొని రిమోట్ పట్టుకుంది. ఎవరు చూస్తరు, ఎవరేమంటరు అనే రంది లేకుండ.

మామ: ఏం ఆడినవు నువ్వు? తుపాకులా?

మేనకోడలు: అన్‌చార్టెడ్ 2 ఆడిన. అంతకంటె ముందు లిటిల్‌బిగ్‌ప్లానెట్. 2008ల వచ్చింది. అండ్ల ఆట ఆడుడు సగమే, ఆట కట్టుడు సగం. అట్టలు, స్పాంజి, కట్టె, తాళ్లు, మోటర్లు, మీటలు అన్నీ ఉంటయి. మీట నొక్కితె ఏ తలుపు తెరవాలె, ఎంతసేపటికి మూసుకోవాలె అన్నీ మనమే పెట్టుకోవాలె. నేను ఓరుగల్లు కోట తోరణం కట్టిన. నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు పెట్టాల్ననుకున్న, గని పక్కన ఒక థర్మామీటర్ ఉంటది. సామాన్లు ఎక్కువైతె అది నిండుతది, ఇంగ పెట్టనియ్యది. మెమొరీ అంటే ఏంది, ఎక్కడ పొదుపు చెయ్యాలె అనేది నేను కాలేజీల నేర్చుకోలే. ఆ తోరణం కాడ నేర్చుకున్న. రెండు తోరణాలు తీసేసి మిగిలిన రెండింటినే చూసే దిక్కు మార్చి మళ్లీ చూపించిన. ఇయ్యాల నేను చేస్తున్న ఉద్యోగం ఆడికెల్లే మొదలైంది.

మామ: మరి నాకెప్పుడు చూపియ్యకపోతివి?

మేనకోడలు: నువ్వు షాపుల ఉంటుంటివి గదా.

మామ: ...దాన్ని ఊరోళ్లు ఎవలన్న ఆడిండ్రా?

మేనకోడలు: ఊరోళ్లు కాదు. పీఎస్ 3ల ఆన్‌లైన్‌కు వేరే పైసలు కట్టుడు లేదు. మనకు బీఎస్‌ఎన్‌ఎల్ 256 కేబీపీఎస్ కనెక్షన్. ఒక్క జీబీ దిగాల్నంటె తొమ్మిది గంటలు. రాత్రి రెండింటికెల్లి పొద్దున ఎనిమిది దాక లెక్క లేని డౌన్‌లోడ్ ఇచ్చే ప్లాన్ ఉండె. అలారం పెట్టుకొని రెండింటికి లేచి ఎక్కించిన. బ్రెజిల్ పిల్ల ఒకామె ఆడి, ఇది ఎక్కడి కోట అని అడిగింది.

మామ: ఇప్పుడు గూడ ఆడచ్చా అది?

మేనకోడలు: లేదు. 2021ల పీఎస్ 3కి ఆ ఆట సర్వర్లు పూర్తిగ బంద్ చేసిన్రు.

మామ: చూసినవా! నా కాడ ఇప్పటికీ ఆ 8 ఎంబీ కార్డులున్నయి. పెట్టెల వెట్టి బటన్ నొక్కితె 2006ల ఆగిన మ్యాచ్ అదే ఓవర్ల మొదలైతది. ఏ సర్వర్ పర్మిషన్ అక్కర లేదు. మీరు కట్టిన కోట మాత్రం కంపెనోడు బంద్ చేస్తె పోయింది.

మేనకోడలు: సర్వర్ల పోయింది. నా హార్డ్ డిస్కుల ఉంది.

మామ: డిస్కు తీసి కంప్యూటర్‌కు వెట్టుకో మరి.

మేనకోడలు: కనబడది. పీఎస్ 3 హార్డ్ డిస్కుల రాసేదంత ఆ ఒక్క పెట్టె తాళం తోని మూసి రాస్తది. బోర్డు చెడితె డిస్కు మంచిగున్నా లోపలిది రాదు. 2021ల ఆన్‌లైన్ స్టోర్ గూడ మూసేస్తమన్నరు, జనం ఒత్తిడి చేస్తె ఒక నెలల వెనక్కి తగ్గిన్రు. ఈ సంగతిల నేను నీతో కొట్లాడను మామా. నీ కార్డు మంచిది.

మామ: అట్లయితె ఆ పెట్టె ఎట్లుంది ఇప్పుడు? ఏండ్లాయె గదా. ఫ్యాను చప్పుడు అస్తుందా?

మేనకోడలు: ఆన్ చేసినంక ఐదు నిమిషాలకే గట్టిగ తిరుగుతది.

మామ: చిప్పు మీద వేడి లాగే పేస్ట్ ఎండిపోయింటది. నాకు తెచ్చియ్యి, విప్పి మారుస్త.

మేనకోడలు: ముందు బయటి డ్రైవుకు బ్యాకప్ తీసి తెస్త. గని మామా, పైన రాసే పేస్ట్ ఒక్కటి మారిస్తె సరిపోదు. చిప్పు మీది లోహపు మూత గూడ తీసి లోపల రాయాలె. గ్రాఫిక్స్ చిప్పు మూత కింద, అంచులకు ఆనుకొని నాలుగు మెమొరీ చిప్పులుంటయి. బ్లేడు ఎక్కువ లోపలికి పోతె గీసుకుంటది.

మామ: ఆదివారం తీసుకొని రా. మూత నేను తీస్త, నువ్వు పక్కన కూసొని ఎంత లోతు పోవాల్నో చెప్పు. ఆ కోట నడిస్తె మాత్రం రిమోట్ ముందుగాల నాకియ్యాలె.

మేనకోడలు: ముందు నేను. తర్వాత నీకు.